విదేశీ హైవేలపై కారు నడపడం: శ్రోతల ప్రశ్నలు, నిపుణుడి సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పిల్లల దగ్గరికో, చదువుకో, ఉద్యోగానికో విదేశాలకు వెళ్లి అక్కడి హైవేలపై కారు నడపాలనుకునే నల్లగొండ, పాలమూరు వాసుల సందేహాలు తీర్చడానికి, మోటారు వాహనాల తనిఖీ అధికారిగా పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దలు ఈరోజు మనతో ఉన్నారు. మొదటి ఫోను మిర్యాలగూడ నుంచి వచ్చింది, మాట్లాడండి.

కాలర్ (మిర్యాలగూడ): నమస్కారం సార్. నాకు ధాన్యం వ్యాపారం ఉండేది. ముప్పై ఏళ్లుగా కారు నడుపుతున్నాను. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదుకు ఎన్నిసార్లు వెళ్లివచ్చానో లెక్క లేదు, పంతంగి టోల్‌గేటు లేనినాటి నుంచి ఆ రోడ్డు నాకు తెలుసు. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వచ్చే నెల నేను, మా ఇంటావిడ వెళ్తున్నాం. కొడుకు, కోడలు ఇద్దరూ ఆఫీసుకు వెళ్తే రెండో కారు ఇంట్లోనే ఉంటుంది. గుడికి, కూరగాయలకు నేనే తీసుకెళ్లవచ్చు కదా అని ఆలోచన. మన లైసెన్సు అక్కడ చెల్లుతుందా సార్?

నిపుణుడు: మంచిది. మీరు బయలుదేరకముందే ఆర్టీఏలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. దానికి ఫీజు 1,000 రూపాయలు, సేవా రుసుము అదనం. గరిష్ఠంగా ఒక సంవత్సరం చెల్లుతుంది. అయితే అది మీ లైసెన్సుకు తోడు మాత్రమే, కాబట్టి అసలు కార్డు కూడా జేబులో ఉండాలి. అమెరికాలో నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. పక్క రాష్ట్రానికి వెళ్లేటప్పుడు అక్కడి నిబంధన కూడా చూసుకోవాలి. ఇంకొక ముఖ్యమైన సంగతి, ఆ కారు నడిపేవారిలో మీరు కూడా ఉన్నారని మీ అబ్బాయి బీమా కంపెనీకి ముందే చెప్పాలి. అది చెప్పకుండా స్టీరింగు పట్టుకోకండి.

కాలర్: అలాగే సార్. మరి నడపడం సంగతి? రోడ్లు బాగుంటాయని మావాడు అంటాడు. మన దగ్గర లాగా గేదెలు అడ్డం రావు, ఎదురుగా ఎవరూ రారు, ఇంక భయమేముంది?

నిపుణుడు: అయ్యా, భయం అక్కడే మొదలవుతుంది. మన రోడ్డు మీద ఏ క్షణాన ఏది అడ్డం వస్తుందోనని కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుంది. అక్కడ ఏదీ అడ్డం రాకపోయేసరికి గంటకు 75 మైళ్ల వేగం నడుస్తున్నట్టే అనిపించదు. అది మన లెక్కలో 120 కిలోమీటర్లు, అంటే ఒక సెకనుకు 33 మీటర్లు. మీరు ఒక్కసారి ఫోను వైపు చూసి తల ఎత్తేలోపు ఎంత దూరం వెళ్తారో ఊహించండి. టెక్సాస్‌లోనే 85 మైళ్ల పరిమితి ఉన్న రహదారి ఒకటి ఉంది, అమెరికా మొత్తంలో అంతకు మించిన పరిమితి లేదు.

కాలర్: అబ్బో!

నిపుణుడు: ఇక అలవాట్ల సంగతి వినండి. నేను మా అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్లినప్పుడు మొదటి రోజు ఇండికేటర్ వేద్దామని కుడిచేతి వైపున్న కర్రను వంచాను. ఎండ కాస్తుండగా అద్దం మీద వైపర్లు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. వెనకనున్న కారుకు నేను మలుపు తిరుగుతున్నట్టు సంకేతమే వెళ్లలేదు. మన మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కుడివైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. గేర్లు లేని కారులో ఎడమకాలు క్లచ్ అనుకుని బ్రేకు నొక్కుతుంది. అక్కడ రోడ్డుకు కుడివైపు నడుపుతూ కారులో ఎడమవైపు కూర్చుంటాం కాబట్టి, మన ఊళ్లో డివైడర్‌కు దగ్గరగా కూర్చునే అలవాటుతో చూస్తే కారు మనకు తెలియకుండానే కుడి అంచుకు జరుగుతుంది. ఇవన్నీ ఖాళీ మైదానంలో రెండు రోజులు నడిపి సరిచేసుకోవాలి, హైవే మీద కాదు. దిగిన రోజు మాత్రం అసలే నడపకండి. వేసవిలో డల్లాస్‌లో మధ్యాహ్నం మూడు గంటలైతే మిర్యాలగూడలో రాత్రి ఒకటిన్నర. మీ కళ్లు తెరుచుకుని ఉన్నా మీ శరీరం నిద్రలోనే ఉంటుంది.

కాలర్: నిజమే సార్. మరి, మన లైసెన్సు అక్కడ చెల్లుతుందంటారా?

నిపుణుడు: చెల్లుతుంది అని ఒక్క మాటలో అనలేనయ్యా, అందుకే పర్మిట్, అసలు లైసెన్సు రెండూ కలిపి తీసుకెళ్లమన్నాను. కాగితం మీద రాసిపెట్టుకోండి. రోడ్డు మీద ఇంకా ముఖ్యమైనది లేన్. మన విజయవాడ హైవేపై కుడి లేన్‌లో లారీ నిదానంగా పోతూ ఉంటుంది, మనం ఎడమ నుంచి దాటేస్తాం. అక్కడ ఎడమ లేన్ దాటడానికి మాత్రమే. దాటిన వెంటనే కుడికి రావాలి. హైవేలోకి ఎక్కే ర్యాంపు మీదే ప్రధాన రోడ్డు వేగం అందుకోవాలి, మన దగ్గరలాగా అంచున ఆగి, సందు చూసి లోపలికి దూరకూడదు. దిగవలసిన మలుపు దాటిపోతే ఊరుకోండి, ముందుకు పోయి తర్వాతి మలుపులో దిగి తిరిగి రండి. వెనక్కి నడిపితే ప్రాణాలు పోతాయి.

కాలర్: మధ్యలో ఆగి మా ఇంటావిడకు మందు వేయాలంటే?

నిపుణుడు: అంచున ఆగకండి. అది బండి చెడిపోయినవారికి, అంబులెన్సుకు ఉన్న చోటు. చిట్యాల దాటాక చాయ్ కోసం పక్కకు తీసినట్టు అక్కడ తీయకూడదు. విశ్రాంతి స్థలం వచ్చేదాకా ఆగండి. పోలీసు వెనకనుంచి లైట్లు వేస్తే మాత్రం కుడికి తీసి ఆపి, చేతులు స్టీరింగు మీద కనిపించేట్టు పెట్టి లోపలే కూర్చోండి. మన దగ్గరలాగా కాగితాలు పట్టుకుని దిగి ఎదురు వెళ్లకూడదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు పెద్దాయన గారూ. నాగర్‌కర్నూల్ నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు.

కాలర్ (నాగర్‌కర్నూల్): మా పెద్దోడు విజిట్ వీసా మీద దుబాయ్ పోతున్నాడు సార్. అక్కడ డ్రైవర్ పని దొరుకుతుందని ఒకాయన చెప్పిండు. మన లైసెన్సు ఉంది కదా?

నిపుణుడు: వద్దమ్మా. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. పర్యాటకుడిగా అద్దె కారు నడపడానికి మన పర్మిట్ పనికివస్తుంది, కానీ నివాస వీసా వచ్చాక అక్కడి లైసెన్సు పరీక్ష పాసై తీసుకోవాలి. ఆ మనిషికి డబ్బు కట్టకముందే ఈ మాట మీ అబ్బాయికి చెప్పండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. సూర్యాపేట.

కాలర్ (సూర్యాపేట): సార్, నేను ఎమ్మెస్ కోసం జర్మనీ వెళ్తున్నాను. అక్కడి హైవే ఆటోబాన్‌లో వేగానికి పరిమితి లేదంటారు. ఎంత వరకు వెళ్లవచ్చు?

నిపుణుడు: బాబూ, నువ్వు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది కాదు. పరిమితి లేని భాగాలే ఎక్కువ, అయినా చాలాచోట్ల పరిమితి బోర్డులు ఉంటాయి. లేనిచోట కూడా 130 కిలోమీటర్లు దాటవద్దని అధికారిక సలహా ఉంది. అంతకు మించి వెళ్లి ప్రమాదంలో చిక్కుకుంటే తప్పులో నీకూ వాటా పడవచ్చు. కుడివైపు నుంచి దాటకూడదు. పెట్రోలు అయిపోయి ఆగినా జరిమానా పడుతుంది, ఎందుకంటే ముందే చూసుకోవలసిన సంగతి అది. ట్రాఫిక్ నిలిచిపోతే ఎడమ చివరి లేన్‌లోవాళ్లు ఎడమకు, మిగతావాళ్లు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. అక్కడ నివాసం మొదలయ్యాక మన లైసెన్సుతో ఆరు నెలలే నడపవచ్చు, ఆ తర్వాత వాళ్లది తీసుకోవాలి. దిగిన రోజు నడపకు, వింటున్నావా?

కాలర్: విన్నాను సార్. 200 దాటకుండా...

నిపుణుడు: నేను 130 అన్నాను.

వ్యాఖ్యాత: దేవరకొండ నుంచి వచ్చిన ఫోను తెగిపోయింది. చివరగా జడ్చర్ల.

కాలర్ (జడ్చర్ల): సార్, మేం నలుగురం స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. ఉదయం ఏడింటికి జ్యూరిక్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని ఇంటర్‌లాకెన్ వెళ్దామనుకుంటున్నాం. టోల్‌గేట్లు ఎక్కువా?

నిపుణుడు: మన షాఖాపూర్‌లోలాగా ఆగి కట్టే గేట్లు అక్కడి హైవేలపై ఉండవు. ఏడాదికి ఒక స్టిక్కరు ఉంటుంది, 40 ఫ్రాంకులు. అద్దె కారుకు అది ఉందో లేదో తాళాలు తీసుకునేటప్పుడే అడగండి. హైవే వేగ పరిమితి 120. కానీ ఉదయం ఏడింటికి దిగుతున్నారు, రాత్రంతా విమానంలో కూర్చున్నవారు ఎవరు నడుపుతారు?

కాలర్: నేనే సార్.

నిపుణుడు: అయితే ఆ రోజు రైల్లో వెళ్లండి, విమానాశ్రయం కిందే స్టేషన్ ఉంది. పడుకుని లేచాక మర్నాడు కారు తీసుకోండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. సమయం అయిపోయింది.