పాత ఐమ్యాక్ విప్పలేదు, బయటి ఎస్‌ఎస్‌డీ తగిలించాను: నెల తర్వాత నా మాట

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే చక్రం లేని, వేగంగా పనిచేసే డ్రైవ్) కంపెనీవాళ్లు ఊరికే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. దీని స్పీడ్ లెక్కలు మీరు ఈపాటికి పది చోట్ల చూసే ఉంటారు, మళ్లీ చదవను.

నా దగ్గరున్నది 2017 ఐమ్యాక్, అంటే స్క్రీన్ వెనకే కంప్యూటర్ మొత్తం ఉండే యాపిల్ డెస్క్‌టాప్, 21.5 అంగుళాలది. స్క్రీన్ ఇప్పటికీ బంగారం. కానీ లోపల 5400 ఆర్‌పీఎం (నిమిషానికి 5400 చుట్లు) హార్డ్ డిస్క్, అంటే ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు, వేల చిన్న ఫైళ్లు వెతకాల్సి వస్తే ఇంక చూసుకోండి. పైగా 2018లో మొజావే అనే మ్యాక్ సిస్టమ్‌తో హార్డ్ డిస్క్‌లు కూడా ఏపీఎఫ్‌ఎస్ అనే, ఫైళ్లు సర్దే కొత్త పద్ధతికి మారాయి, ఆ పద్ధతి ఎస్‌ఎస్‌డీల కోసం చేసింది, దాంతో ఇది ఇంకా నత్త అయింది. ఆన్ చేసి టీ పెట్టుకొచ్చినా ఆ రంగుల బంతి తిరుగుతూనే ఉండేది.

మరి విప్పి మార్చొచ్చు కదా అంటారు. నా పాత విండోస్ టవర్‌కి అలాగే చేశా, పక్క రేకు తీసి, నాలుగు స్క్రూలు, పావుగంట పని. టవర్ ఉన్నవాళ్లు మీరూ అదే చేయండి, మామూలు ఇన్‌స్టాలర్ బయటి యూఎస్‌బీ డ్రైవ్ మీద విండోస్‌ని ఎక్కించనే ఎక్కించదు. ఐమ్యాక్‌కి మాత్రం అద్దం జిగురుతో అతికించి ఉంటుంది, కోసి తీయాలి. నా చేతుల మీద నాకంత నమ్మకం లేదు.

అందుకే బయటి డ్రైవ్ మీదే వెంచురా అనే మ్యాక్ సిస్టమ్ ఎక్కించి, పాత డేటా తెచ్చుకుని, దాని నుంచే మొదలయ్యేలా ఎంచుకోవడానికి ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఆన్ చేశా. అదే నత్త! రెండు రోజులు తల బాదుకున్నాక తెలిసింది, తప్పు నాదే, డబ్బాలో కేబుల్ పొట్టిగా ఉందని ఫోన్ ఛార్జింగ్ కేబుల్ పెట్టా. రెండు వైపులా టైప్ సీ, చూడ్డానికి కవలపిల్లలు, కానీ అది 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2. సిస్టమ్ రిపోర్ట్‌లో యూఎస్‌బీ దగ్గర చూస్తే అక్కడే రాసి ఉంది. అసలు కేబుల్ పెట్టగానే 10 గిగాబిట్లు చూపించింది, అర నిమిషంలో డెస్క్‌టాప్ వచ్చేసింది. ఏ కేబుల్ ఏదో పైన ముద్రించడానికి వీళ్లకి ఏం నొప్పండీ?

ఆ పొట్టి కేబుల్‌తో ఇంకో గోల. డ్రైవ్ స్క్రీన్ వెనకాల వేలాడుతూ ఉంటుంది. మా అమ్మ దుమ్ము తుడుస్తూ, "ఈ అగ్గిపెట్టె ఏంట్రా?" అని లాగింది, ఎడిటింగ్ మధ్యలో సిస్టమ్ మొత్తం కొయ్యబారిపోయింది. లాగితే ఊడిపోయేది ఫైల్ కాదు, సిస్టమే. టెన్షన్ తట్టుకోలేక స్టాండ్ వెనక వెల్‌క్రోతో అతికించేశా.

ఇంకోటి, యూఎస్‌బీ మీద మ్యాక్ అన్ని డ్రైవ్‌లకీ ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల జాగా ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెప్పడం) చేయకపోవచ్చు, అందుకే పావు వంతు ఖాళీగా ఉంచుతున్నా.

నా వరకు మాత్రం ఇది కొత్త కంప్యూటర్ కొన్నట్టే, కొని ఉన్నా ఇదే మాట చెప్పేవాణ్ణి. లోపలి డిస్క్‌ని ఫార్మాట్ చేసి టైమ్ మెషిన్‌కి, అంటే మ్యాక్ బ్యాకప్‌కి ఇచ్చేశా, గంటకోసారి గుర్రుమంటుంది పాపం. మీటరు పొడుగు కేబుల్ మంచిది ఎవరికైనా తెలిస్తే కామెంట్‌లో పెట్టండి. 10 గిగాబిట్లదండీ, ఛార్జింగ్‌ది వద్దు.