ఏజెంట్ తన నమ్మకాన్ని ఎలా మార్చుకుంటుంది? వైజాగ్ వానతో లెక్కేద్దాం

హాయ్ అండి అందరికీ. సాఫ్ట్‌వేర్ ఏజెంట్‌కి, అంటే సమాచారం చూసి తనంతట తానే నిర్ణయం తీసుకునే ప్రోగ్రామ్‌కి, ఒక విషయం పక్కాగా తెలీనప్పుడు దాన్ని లోపల ఎలా పెట్టుకుంటుంది, కొత్త సమాచారం వచ్చాక ఎలా మార్చుకుంటుంది, ఈరోజు అదే చూద్దాం. పెన్నూ పేపరూ దగ్గర పెట్టుకోండి.

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి పెట్టే ఆవిడ కోసం ఒక ఏజెంట్ రాస్తున్నాం అనుకోండి, సాయంత్రం వాన పడుద్దా లేదా అన్నది చెప్పాలి. ట్రూ, ఫాల్స్ అని పెడితే కుదరదు, అందులో అనుమానానికి చోటే లేదు కదా, అందుకే ఒక నెంబర్ పెడతాం. ఏ ఆధారమూ చూడకముందు 30 శాతం, దీన్ని ప్రయర్ అంటారు. నెంబర్లన్నీ ఉదాహరణకి నేను అనుకున్నవే.

ఇప్పుడు కైలాసగిరి వైపు ఉన్న కెమెరాలో నల్లమబ్బు కనిపించింది. వాన పడే రోజుల్లో 80 శాతం సార్లు అలా కనిపిస్తది, పడని రోజుల్లో 20 శాతం. ఫార్ములా బట్టీ పట్టకండి ప్లీజ్, ఇలాంటి సాయంత్రాలు 100 ఊహించుకోండి. వాన పడేవి 30, వాటిలో మబ్బు కనిపించేవి 24. పడనివి 70, వాటిలో మబ్బు కనిపించేవి 14. అంటే మబ్బు కనిపించే సాయంత్రాలు మొత్తం 38, అందులో వాన పడేవి 24, దగ్గరదగ్గర 63 శాతం. బేయస్ సూత్రం అంటే ఇదేనండి, థామస్ బేయస్ 1761లో చనిపోయాక ఆయన ఫ్రెండ్ రిచర్డ్ ప్రైస్ ఆ వ్యాసాన్ని బయటికి తెస్తే 1763లో అచ్చయింది.

తర్వాత హ్యుమిడిటీ సెన్సార్ "గాలిలో తేమ బాగా ఎక్కువ" అంది. ఇక్కడ కొంచెం ఆగండి, నాకు ఈ టాపిక్‌లో బాగా ఇష్టమైన పాయింట్ ఇదే. మన వైజాగ్‌లో వాన పడినా పడకపోయినా ఉక్కపోతే కదా, అందుకని వాన పడితే 95 శాతం, పడకపోతే 90 శాతం అనుకుందాం. 24లో 22.8, 14లో 12.6 మిగుల్తాయి, లెక్క కడితే 64 శాతం. సెన్సార్ అంత గట్టిగా అరిచినా నమ్మకం ఒక్క శాతమే కదిలింది! వాన పడితే ఎంత, పడకపోతే ఎంత, ఆ రెండిటి మధ్య తేడా ఉంటేనే అది ఆధారం, తేడా లేకపోతే ఎన్ని సెన్సార్లు పెట్టినా దండగే.

ఇంకోటి, రెండు యాప్‌లు ఒకే రాడార్ డేటా చూసి వాన అంటే దాన్ని రెండు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కలో కలిపేయకండి, ఒకే ఆధారాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు అవుద్ది, అక్కడే చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. ఏది దేని మీద ఆధారపడుద్దో బాణాలతో గీసుకునే బేయసియన్ నెట్‌వర్క్‌లు అందుకే వచ్చాయి, వాటిని నిలబెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త జుడియా పెర్ల్‌కి కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు 2011కి ఇచ్చారు.

ప్రయర్‌లో సున్నా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దండి, సున్నాని దేంతో గుణించినా సున్నాయే, కళ్ళ ముందు కుండపోత పోస్తున్నా మీ ఏజెంట్ నమ్మదు. కనీసం 0.01, అంటే ఒక శాతం, పెట్టండి. ఇప్పుడు వీడియో పాజ్ చేసి, ప్రయర్ 10 శాతంతో పైన మబ్బు లెక్క మళ్ళీ చేయండి, 31 దగ్గర రావాలి, రాకపోతే మీ స్టెప్పులు కామెంట్‌లో పెట్టండి, చూస్తాను.