గ్యాస్ బండ కింద తుప్పు రింగు... ఈ ఊదా స్ప్రేకి పోయిందా?

హలో అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, తుప్పు మరకలు తీసే ఈ స్ప్రే సీసా నేను కొన్నది కాదు, కంపెనీవాళ్లే పంపారు. డబ్బులైతే తీసుకోలేదు. నేరుగా వంటింట్లోకి పోదాం.

ఇదిగో, గ్యాస్ బండ కింద రింగు. తెల్ల టైల్స్ మీద ఎలా కూర్చుందో చూడండి. పాత అద్దింట్లో ఇలాంటి రింగే చూపించి ఓనర్ గారు అడ్వాన్సులో కోత పెట్టారు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

సరే, కొట్టేశా. ఆగండి, ఆగండి... చూశారా, ఊదా రంగు! నేరేడు పళ్లు తొక్కినట్టు లేదూ? ఇందులో థయోగ్లైకోలేట్ అని ఒక మందు ఉంటుంది. తుప్పులో ఇనుము తగిలితే ఇలా రంగు తిరుగుతుంది. ఉత్త జిడ్డు మీద కొట్టి చూశా, ఏమీ కాలేదు. బాత్రూంలో కుళాయి కింద పసుపు చార మీద కొడితే మాత్రం ఊదా! అంటే అది సబ్బు మరక కాదు, మా బోరు నీళ్లలో ఇనుము. పట్టినప్పుడు తేటగానే ఉంటాయి ఆ నీళ్లు, గాలి తగిలాక ఎర్రబడతాయి. ఇన్నాళ్లూ సరిగ్గా తోమట్లేదని మా పనిచేసే అక్క మీద సణిగాను, పాపం.

ఇంతకుముందు బ్లీచింగ్ పౌడర్ వేశా, మరక ఇంకా ముదిరింది. బాత్రూం యాసిడ్ పోస్తే టైల్స్ మధ్య సిమెంటు తినేసింది. ఆ రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ పోయకండి, విషవాయువు వస్తుంది. నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, నీళ్లలో కలిపి గుడ్డ తడిపి మరక మీద పరిచినా తుప్పు పోతుంది, చవక కూడా. కాకపోతే ఓపిక కావాలి, మార్బుల్ మీద అసలు వద్దు.

ఇక కంపు. అబ్బబ్బబ్బా! కుళ్లిన కోడిగుడ్డే. పార్లర్లో జుట్టు ఉంగరాలు తిప్పే మందుదీ ఇదే జాతి. మా అత్తయ్య హాల్లోంచి పరిగెత్తుకొచ్చి, గ్యాస్ లీకైందని రెగ్యులేటర్ కట్టేశారు! ఆవిడ తప్పేం లేదు, గ్యాస్‌కి వాసన కోసం కలిపేది కూడా గంధకం ఉన్న మందే కదా.

రెండుసార్లు కొట్టి కడిగితే రింగు పోయింది. టైల్స్ సందులో సన్నటి గీత మిగిలింది, అంతే. ఇది అయిపోతే మళ్లీ నా డబ్బుతో కొంటానా? ఆ ఊదా రంగు చూడ్డానికైనా కొంటా. అత్తయ్య ఊరెళ్లినప్పుడు.