క్రాసింగ్‌కి ముందే తేల్చుకోవాల్సినవి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే కుక్కల్ని ఇంట్లో కట్టేసి వచ్చారు కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఇవాళ చెప్పేది క్రాసింగ్ గురించి, అంటే పిల్లల కోసం మన కుక్కల్ని జత కలపడం గురించి.

"అన్నా, మా ల్యాబ్రడార్ హీట్‌కి వచ్చింది, మంచి మగకుక్క ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పు, రేపే తీసుకెళ్తాం" అని ఫోన్లు వస్తుంటాయి. హీట్ వచ్చాక, అంటే కుక్క ఎదకొచ్చాక, వెతికితే దొరికిన దానితో సరిపెట్టుకోవాలి. వెతకాల్సింది రెండు మూడు నెలల ముందు. పరీక్షలు, రిపోర్టులు, అవతలివాళ్ళతో బేరం, ఇవేవీ ఒక్కరోజులో తేలేవి కావు.

వయసు సంగతి ముందు చూద్దాం. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల బ్రీడింగ్ నియమాల ప్రకారం ఆడకుక్కకి 18 నెలలు నిండాలి, జీవితం మొత్తంలో ఐదు ఈతలు దాటకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పిల్లల్ని అమ్మే ఉద్దేశం ఉంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ సంగతి కూడా కనుక్కోండి. నన్నడిగితే రెండేళ్ళు నిండేదాకా ఆగమంటాను. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సమస్య వంశంలో దిగుతుంది, ఆ ఎక్స్‌రే మీద గట్టిగా చెప్పగలిగేది రెండేళ్ళు నిండాకే. మనవాళ్ళు తల సైజు చూస్తారు, షోలో వచ్చిన కప్పులు చూస్తారు, ఎక్స్‌రే మాత్రం అడగరు. అడగడానికి మొహమాటం!

బ్రూసెల్లా రక్తపరీక్ష ఆడదానికీ మగదానికీ ఇద్దరికీ చేయించాలి. ఈ జబ్బు ఉంటే కడుపు నిలవదు, మగకుక్క పనికిరాకుండా పోతుంది, మందులు వాడినా పూర్తిగా పోయిందని నమ్మలేం, పైగా మనుషులకూ అంటుకుంటుంది. ఇంకోటి, మన వీధికుక్కల్లో మామూలుగా కనబడే టీవీటీ అనే క్యాన్సర్ గడ్డ. కలిసినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. కీమో ఇంజెక్షన్లతో చాలావరకు తగ్గుతుంది, కానీ కోరి తెచ్చుకోవడం ఎందుకు? మగకుక్క అంగం మీది తోలు వెనక్కి జరిపి చూడమని డాక్టర్‌ని అడగండి, రెండు నిమిషాల పని.

ఎక్కువమంది దెబ్బతినేది రోజుల లెక్క దగ్గర. "హీట్ మొదలైన పదకొండో రోజు ఒకసారి, పదమూడో రోజు ఒకసారి కలపండి" అని అందరూ చెప్తారు. కొన్ని ఏడెనిమిది రోజులకే సిద్ధమవుతాయి, కొన్ని ఇరవై దాటాక గానీ కావు. పైగా కొన్ని కుక్కలు ఎప్పటికప్పుడు నాక్కుని శుభ్రంగా ఉంటాయి, మనకి రక్తం కనబడేసరికే నాలుగు రోజులు గడిచిపోయి ఉంటాయి. హీట్ దగ్గరపడుతోంది అనిపిస్తే రోజూ పొద్దున తెల్ల టిష్యూతో అద్ది చూడండి. ఎర్రగా ఉన్నది పలచబడి గడ్డిరంగులోకి మారడం, తోక పక్కకి జరిపి నిలబడటం మంచి గుర్తులే. నమ్మకమైన దారి మాత్రం ప్రొజెస్టెరాన్ పరీక్ష, అంటే రక్తంలో ఆ హార్మోన్ ఎంతుందో చూడటం. మిల్లీలీటరుకి 5 నానోగ్రాముల దగ్గర అండం విడుదలవుతుంది, అది పక్వానికి రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. అంటే విడుదలైన రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కలపాలి. ఈ పరీక్షకి డబ్బు దండగ అనుకునేవాళ్ళే క్రాసింగ్ వృథా అయ్యాక మగకుక్కని తిడతారు.

కలిపే రోజు ఆడకుక్కనే మగకుక్క ఇంటికి తీసుకెళ్ళండి, చల్లపూట, కడుపు నిండా పెట్టకుండా. టైల్స్ మీద వెనక కాళ్ళు జారిపోతాయి, రబ్బరు మ్యాటో గోనెసంచో పరవండి. రెండింటికీ మొదటిసారే అయితే కష్టం, ఒక్కటైనా అనుభవం ఉన్నది కావాలి. వీడియోలు తీసే పిల్లకాయల్ని బయటికి పంపేయండి. లాక్ పడ్డాక, అంటే రెండూ అతుక్కున్నాక, మగకుక్క కాలు దాటించి తిరుగుతుంది, రెండూ వెనకా వెనకా ఆనించి నిలబడతాయి. ఐదు నిమిషాలు కావచ్చు, అరగంట దాటొచ్చు. ఆడకుక్క మూలుగుతుంది, మీకు టెన్షన్ వస్తుంది, అయినా లాగొద్దు. లోపల ఉబ్బిన భాగం దానంతట అది తగ్గాలి. బలవంతంగా విడదీస్తే రెండింటికీ గాయాలవుతాయి. వీధిలో అతుక్కున్న కుక్కల మీద నీళ్ళు పోసే అలవాటు మనకుంది కదా, అది ఇక్కడ వద్దు. రెండు కాలర్లూ పట్టుకుని నేలమీద కూర్చోండి, అంతే. ఇంటికొచ్చాక గేటుకి తాళం వేయండి, హీట్ ఇంకా అయిపోలేదు. గోడ దూకొచ్చిన వీధికుక్కతోనూ కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు.

ఇక గొడవలు. మగకుక్క యజమానికిచ్చే ఫీజు డబ్బు రూపంలోనా, పిల్ల రూపంలోనా? పిల్ల అయితే ముందుగా ఎంచుకునేది ఎవరు, ఎన్నో వారంలో? ఒక్కటే పుడితే అది ఎవరిది? కడుపు నిలవకపోతే వచ్చే హీట్‌కి ఉచితంగా కలుపుతారా? "మనం మనం ఒకటే, తర్వాత చూసుకుందాంలే" అనుకున్న చోటే స్నేహాలు చెడిపోవడం చూశాను. స్టాంపు పేపరు అక్కర్లేదు, ఒక వాట్సాప్ మెసేజ్‌లో ఇవన్నీ రాసి అవతలివాళ్ళ చేత ఓకే అనిపించుకోండి. పిల్లలకి కెన్నెల్ క్లబ్ పేపర్లు, అంటే జాతి రిజిస్ట్రేషన్ కాగితాలు, కావాలంటే రెండు తల్లిదండ్రులూ రిజిస్టరై ఉండాలి, మగకుక్క యజమాని సంతకం కూడా కావాలి. ఆ సంతకానికి వేరే రేటు చెప్పేవాళ్ళూ ఉన్నారు, అదీ ముందే మాట్లాడేయండి.

కలిపాక నెల కావస్తుండగా స్కాన్ చేయించండి. ఈనేది అండం విడుదలైన రోజు నుంచి దాదాపు 63 రోజులకి, కాబట్టి ఆ ప్రొజెస్టెరాన్ పరీక్ష రిపోర్టు పారేయకుండా దాచుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. కృత్రిమ గర్భధారణ గురించి అడగాలనుకున్నవాళ్ళు మాత్రం టీ తాగాక రండి, అది పెద్ద కథ.