వాక్యూమ్ ఛాంబర్‌లోకి హై వోల్టేజ్: స్పార్క్ ప్లగ్‌తో పనైపోతుందా?

[తెరపై: స్టీల్ మూత, మధ్యలో రంధ్రం, పక్కన స్పార్క్ ప్లగ్]

వాక్యూమ్ ఛాంబర్‌లోకి పదివేల వోల్టులు పంపాలి. గాలి లోపలికి లీకవకూడదు, కరెంటు గోడకు దూకకూడదు. ఈ పని చేసే ఫీడ్‌త్రూ కొత్తది కొనాలంటే ఖరీదు. ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ చేసేదీ ఇంచుమించు ఇదే పని కదా!

[క్లోజప్: ప్లగ్ కొస]

తెల్లగా కనిపించేది అల్యూమినా పింగాణీ. చాలా కార్ల ప్లగ్‌లకు మర 14 మిల్లీమీటర్లు, పిచ్ (మర చుట్ల మధ్య ఎడం) 1.25 మిల్లీమీటర్లు. మూత రంధ్రంలో అదే కొలత ట్యాప్‌తో మర కొయ్యండి. కొసన వంగి ఉన్న ఎర్త్ ముక్కను రంపంతో కోసెయ్యాలి, లేకపోతే స్పార్క్ అక్కడికే దూకుతుంది. ప్లగ్‌తో వచ్చే వాషర్‌ను వాక్యూమ్‌కు నమ్మలేం. ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) వెయ్యండి, లేదా అసిటోన్‌తో తుడిచి ఎపాక్సీ పట్టించండి.

ప్లగ్ లోపల 5 కిలోఓముల రెసిస్టర్ ఉందని కొందరికి టెన్షన్. 10 మిల్లీయాంప్‌ల దగ్గర పోయేది 50 వోల్టులే. వదిలెయ్యండి.

[తెరపై: ఊదారంగు వెలుగు]

అసలు చిక్కు ఛాంబర్ లోపలి వైపు. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు దూకడానికి దాదాపు 3,000 వోల్టులు కావాలి. పంపు వేశాక ఇంకా భద్రం అనుకుంటాం. కానీ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త పాషెన్ 1889లో చూపించింది వేరు. ఒత్తిడి 1 టార్‌కు (మామూలు గాలి ఒత్తిడిలో 760వ వంతు) దిగినప్పుడు, ఆరు మిల్లీమీటర్ల ఎడానికి 330 వోల్టులు దాటితే చాలు, డిశ్చార్జి, అంటే గాలిలోంచి కరెంటు పారడం, మొదలవుతుంది! ఇంకా దిగితే దగ్గర దారి మూసుకుంటుంది, కరెంటు దూరపు దారి వెతుక్కుంటుంది. అందుకే ప్లగ్ కొస నుంచి లోపలికి కరెంటు తీసుకెళ్లే రాడ్డుకు పింగాణీ మొదలు నుంచే గాజు గొట్టం తొడగాలి. పంపు ఒత్తిడి దించుతుండగా హై వోల్టేజ్ ఆన్ చెయ్యకండి.

ఫీడ్‌త్రూకు ఇంకో దారి కోయాక్సియల్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది). పైతొడుగు, జల్లెడ తీగ ఒలిచేసి, లోపలి పాలిథిన్‌ను ఓ-రింగ్ ఫిట్టింగ్‌లో బిగించాలి. నడిమి తీగ ఒంటి తీగే కావాలి. పేనిన తీగైతే పోగుల సందుల్లోంచి గాలి నిమ్మళంగా లోపలికి పాకుతుంది. బయట ఎంత వెతికినా లీకు దొరకదు, పంపు మాత్రం ఆడుతూనే ఉంటుంది.

[తెరపై: ఎర్త్ రాడ్]

ఛాంబర్‌కు ఎర్త్ తప్పనిసరి. 20 కిలోవోల్టులు దాటితే ఎక్స్-రేల సంగతి కూడా చూడాలి. స్టీలు చాలావరకు ఆపుతుంది, మామూలు గాజు కిటికీ అంత ఆపదు. కంటితో కాదు, కెమెరాతో చూడండి. స్విచ్ ఆపాక కూడా హై వోల్టేజ్ సప్లైలోని కెపాసిటర్‌లో చార్జి మిగిలే ఉంటుంది. ఎర్త్‌కు కలిపిన రాడ్ దానికి తాకించాకే చెయ్యి పెట్టండి.