ఆ చేప నాకంటే పెద్దది

నమస్తే. గాలం వేయడం నాకు మా తాతయ్య నేర్పాడు, కాకినాడ దగ్గర పంటకాలువ గట్టు మీద. వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు ముక్క, వానపాము, అంతే సరంజామా. పడింది పడినట్టు ఇంటికి తెచ్చేవాళ్లం, మధ్యాహ్నానికి పులుసు. పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదలడమన్న మాటే మాకు తెలియదు. ఇప్పుడు నేనుండేది కెనడాలో, ఎడ్మంటన్‌లో. రెండేళ్ల కిందట ఆగస్టులో ఉత్తరాన గ్రేట్ బేర్ లేక్‌కి వెళ్లాను. ఆ వదలడం గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు ఆ సరస్సు ఎంతదో వినండి. 31,000 చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలు మూడూ అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఆర్కిటిక్ వలయం దాని మీదుగానే పోతుంది. ఇంత సరస్సుకీ ఒడ్డున ఉన్న ఊరు ఒక్కటే, దెలినే. ఐదారు వందల మంది ఉంటారు, ఎక్కువమంది దెనే అనే అక్కడి ఆదివాసులు. చలికాలంలో మంచు మీద వేసే బాట తప్ప రోడ్డు లేదు, మేం ఎల్లోనైఫ్ అనే పట్టణం నుంచి నీళ్ల మీద దిగే చిన్న విమానంలో పోయాం.

ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే, జూలైలో కూడా మంచుగడ్డలు తేలుతూ కనిపిస్తాయి. ఆ చలికి చేప ఎదుగుదల చాలా నెమ్మది. అక్కడ దొరికే లేక్ ట్రౌట్ అనే చేప గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పదేళ్లు దాటిపోతుంది, పైగా ప్రతి ఏడూ పెట్టదు. యాభై ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి. 1995లో ఇదే సరస్సులో 72 పౌండ్ల ట్రౌట్ పడింది, అంటే 32 కిలోల పైమాటే. గాలానికి పడిన లేక్ ట్రౌట్‌లలో ప్రపంచ రికార్డు అది.

నాకు పడింది అంతది కాదు, పది కిలోలు ఉంటుందేమో. రాత్రి పదింటికి, ఇంకా వెలుతురు ఉండగానే పడింది. ఇరవై నిమిషాలు రీలు తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాయి. పడవ పక్కకి వచ్చాక మా గైడు, అరవై దాటిన దెనే పెద్దాయన, ముందు నన్ను చేతులు తడుపుకోమన్నాడు. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటిమీది జిగురు ఊడిపోతుంది, అది పోతే రోగం పట్టుకుంటుంది. కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు లేదు కాబట్టి ఇట్టే వచ్చేసింది. తర్వాత తోక దగ్గర ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి వేసి నీళ్లలోనే నిలబెట్టమన్నాడు. మొప్పలు మెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. నా వేళ్లు మొద్దుబారిపోయాయి, ఎప్పుడు వదలాలని అడిగితే, నువ్వు వదలక్కర్లేదు, అదే పోతుంది అన్నాడు. నిజంగానే ఒక్క తోక విసురు, నా చేతిలో ఏమీ లేదు.

ఆ రాత్రే ఆయన వాళ్ల పెద్దల కథ చెప్పాడు. పూర్వం ఒకాయన గాలాలు వేస్తే పెద్ద ట్రౌట్ ఒకటి గాలం తెంపుకుపోయిందట. ఆయన తనే చేపగా మారి దాన్ని వెతుక్కుంటూ అడుగుకి దిగితే, అక్కడ ఓ గుండె కొట్టుకుంటోంది, చుట్టూ చేపలన్నీ దానికి కాపలా ఉన్నాయి. ఆ సరస్సు గుండే నీళ్లన్నిటికీ ప్రాణం పోస్తుందని వాళ్ల నమ్మకం. సరస్సుని ఎలా చూసుకోవాలో వాళ్లు రాసుకున్న ప్రణాళికకి కూడా ఆ గుండె పేరే పెట్టుకున్నారు. 2016లో యునెస్కో ఆ ప్రాంతాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించింది, దాని వెనక ఎన్నో ఏళ్ల వాళ్ల పట్టుదల ఉంది.

అక్కడ చేపలు తినరని కాదు. చిన్న ట్రౌట్ ఒకటి ఉంచుకుని మధ్యాహ్నం ఒడ్డున రాళ్ల మధ్య మంట పెట్టి వేయించుకున్నాం, నేను తీసుకెళ్లిన కారం చల్లితే గైడు రెండోసారి అడిగి మరీ చల్లించుకున్నాడు. పెద్దవాటినే వదిలేస్తారు, ఎందుకంటే రేపటి పిల్లలు వాటి కడుపులోవే.

ఇంటికొచ్చాక ఫొటో మా బాబాయికి పంపాను. వెంటనే ఫోను. "ఏరా, అంత చేపని వదిలేశావా?" అని కోప్పడ్డాడు. ఇప్పుడు మీకు చెప్పిందంతా ఆయనకీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు, "దాని వయసు ఎంతుంటుందన్నావు?"