స్ప్లింటర్ ట్విన్ డెక్ రివ్యూ: కాంబో పది ముక్కలే, ఆట మిగతా యాభైది

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతున్నది సముద్రం హోరు. వైజాగ్ లాసన్స్ బే కాలనీలో మా మేడ మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. టేబుల్ మీదున్నది మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే ముక్కలాటలో మోడర్న్ ఫార్మాట్ (ఏ ముక్కలు వాడొచ్చో చెప్పే ఒక పద్ధతి) కోసం నేను కట్టుకున్న స్ప్లింటర్ ట్విన్ డెక్, అంటే ఆ పేరున్న ముక్క చుట్టూ కట్టిన 60 ముక్కల కట్ట. మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఎంవీపీ కాలనీలో ఫ్రెండ్ ఇంట్లో ఇదే ఆడుతున్నాను. 2016 జనవరిలో మోడర్న్‌లో ఈ ట్విన్ ముక్కని బ్యాన్ చేశారు. మళ్ళీ 2024 డిసెంబర్ 16న వదిలారు. అన్నేళ్ళు ఎదురుచూశాను కాబట్టి దీని మీద నాకు ప్రేమ ఎక్కువే, అది ముందే చెప్పేస్తున్నాను.

కాంబో, అంటే కలిసి ఆట గెలిపించే ముక్కల జోడీ, ఎలా తిరుగుతుందో చూడండి. ఇది డిసీవర్ ఎగ్జార్క్ అనే జీవి, ఖర్చు మూడు మానా, అంటే ల్యాండ్ ముక్కలిచ్చే శక్తి. ఫ్లాష్ ఉంది, అంటే ఎవరి టర్న్‌లోనైనా దింపొచ్చు, కాబట్టి ఎదుటివాళ్ళ టర్న్ చివర్లో దింపుతాను. దిగగానే నా ముక్క ఒకటి అన్‌ట్యాప్ చేస్తుంది (మళ్ళీ నిలబెడుతుంది), లేదా వాళ్ళ ముక్క ఒకటి ట్యాప్ చేస్తుంది (వాడేసినట్టు పక్కకి తిప్పుతుంది). నా టర్న్ రాగానే నాలుగు మానాతో దీని మీద ట్విన్ వేస్తాను. ఇప్పుడు ఎగ్జార్క్‌ని ట్యాప్ చేస్తే దానికో నకలు పుడుతుంది. ఆ నకలు దిగుతూనే అసలుదాన్ని లేపుతుంది. మళ్ళీ ట్యాప్, మళ్ళీ నకలు. నకళ్ళకి హేస్ట్ ఉంటుంది, అప్పటికప్పుడే దాడికి వెళ్తాయి. ఎన్ని అంటే ఒక అంకె చెప్పాలి, అనంతం అంటే కుదరదు. నేను వెయ్యి అంటాను.

ఎదుటివాళ్ళ టర్న్‌లోనే ఎందుకు దింపాలి? అప్పుడే దిగిన జీవిని ఇలా ట్యాప్ చేయడం కుదరదు. మన టర్న్ మొదలయ్యేసరికి అది బల్ల మీద ఉండాలి. పైగా దిగేటప్పుడే వాళ్ళ ల్యాండ్ ఒకటి ట్యాప్ చేస్తే, నేను ట్విన్ వేసేటప్పుడు అడ్డుకోవడానికి వాళ్ళకి ఒక మానా తక్కువ.

వినడానికి తేలిక. కానీ రమ్మీలో ఒక్క ముక్క కోసం చూస్తూ చూస్తూ ఫుల్ కౌంట్ ఇచ్చుకున్నవాళ్ళకి ఈ బాధ తెలుసు. 60 ముక్కల్లో 4 ట్విన్‌లు పెట్టినా మొదటి 7 ముక్కల్లో ఒకటైనా రావడానికి అవకాశం 40 శాతమే. ముందు ఆడితే నాలుగో టర్న్‌కి 10 ముక్కలు చూస్తాం, అప్పటికీ 53 శాతమే. అందుకే ముక్కలు వెతికిపెట్టే ప్రీఆర్డెయిన్ నాలుగూ పెట్టాను. వాటిని మాత్రం తగ్గించకండి.

నేను మార్చినవి చెప్తాను. పెస్టర్‌మైట్ కూడా ఎగ్జార్క్ పనే చేస్తుంది, పైగా ఎగురుతుంది. కానీ దాని టఫ్‌నెస్, అంటే ఎంత డ్యామేజ్‌కి చస్తుందో చెప్పే అంకె, 1. మా టేబుల్ దగ్గర ఆర్కిష్ బోమాస్టర్స్ అనే ముక్క ఆడేవాళ్ళు ఇద్దరున్నారు. అది దిగుతూనే ఒక డ్యామేజ్ కొట్టి దీన్ని చంపేస్తుంది. ఎగ్జార్క్ టఫ్‌నెస్ 4, మూడు డ్యామేజ్ కొట్టే లైట్నింగ్ బోల్ట్ తగిలినా నిలబడుతుంది. అందుకే ఎగ్జార్క్‌లు నాలుగు ఉంచి పెస్టర్‌మైట్‌లు రెండుకి దించాను. ట్విన్‌లతో కలిపి పది. మిగతా యాభైలో 23 ల్యాండ్స్.

అసలు తలనొప్పి ఆ ల్యాండ్స్‌తోనే. ఎదుటివాళ్ళు వేసే ముక్కని అడ్డుకునే కౌంటర్‌స్పెల్‌కి రెండో టర్న్‌లో రెండు నీలం మానాలు కావాలి, ట్విన్‌కి నాలుగో టర్న్‌లో రెండు ఎరుపులు కావాలి. రాత్రి భోజనాలయ్యాక ఒక్కడినే ముక్కలు పంచుకుని నాలుగేసి టర్న్‌లు ఆడి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ట్విన్ రాక ఆగిపోయిన ఆటల కంటే, ట్విన్ చేతిలో పెట్టుకుని రెండో ఎరుపు కోసం ఆగిపోయినవే ఎక్కువ. ఐలాండ్ ఒకటి తీసి, రెండు రంగులూ ఇచ్చే స్టీమ్ వెంట్స్ ఇంకోటి పెట్టాక గానీ డెక్ ఊపిరి పీల్చుకోలేదు. ఇలాంటి మార్పులు ముందు ప్రాక్సీలతో, అంటే కాగితంతో చేసుకున్న నకలు ముక్కలతో, ఆడి చూసుకుని, తర్వాతే కొనండి. అధికారిక టోర్నమెంట్లలో మాత్రం ప్రాక్సీలు ఒప్పుకోరు.

సైడ్‌బోర్డ్‌లో, అంటే గేమ్‌ల మధ్య మార్చుకోవడానికి పక్కన ఉంచుకునే కట్టలో, 15 ముక్కలు. మొదటి గేమ్ తర్వాత ఎదుటివాళ్ళు జీవుల్ని చంపే ముక్కలు దింపుతారు. ట్విన్ వేస్తుండగా ఎగ్జార్క్‌ని చంపేస్తే రెండు ముక్కలూ పోయినట్టే. అందుకని నేను రెండు ట్విన్‌లు బయటపెట్టి, బేసిక్ కాని ల్యాండ్స్ అన్నీ ఎరుపు మానా మాత్రమే ఇచ్చేలా చేసే బ్లడ్ మూన్ తెస్తాను. వాళ్ళు మాత్రం నాలుగూ ఉన్నాయనే భయంతో మానా ఆపుకుని కూర్చుంటారు. నేను గెలిచిన రెండో గేమ్‌లలో చాలావాటిలో ట్విన్ చేతికి రానే లేదు.

ఒక్క హెచ్చరిక, మన వైజాగ్ వాళ్ళకి. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఈ ఫాయిల్ (మెరిసే) ట్విన్ చూడండి. సముద్రపు తేమకి విల్లులా వంగిపోయింది. వేరే ఊళ్ళో టోర్నమెంట్‌కి వెళ్తే, డెక్ మధ్యలో సందు చూసి ఇది ఎక్కడుందో చెప్పేయొచ్చని జడ్జి పక్కన పెట్టించారు. ఆయన చెప్పింది న్యాయమే. అక్కడికక్కడ మామూలు ట్విన్ అడిగి తెచ్చుకుని ఆడాను. ఇప్పుడు అన్నీ మామూలు ముక్కలే. డబుల్ స్లీవ్ వేసి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెడుతున్నాను.

వచ్చే ఆదివారం పెస్టర్‌మైట్‌లు రెండూ తీసేసి స్నాప్‌కాస్టర్ మేజ్‌లు పెట్టి ఆడతాను. ప్రాక్సీలు కత్తిరించి పెట్టాను, ఇవిగో.